ఒట్టీలక్క ఇచ్చిన తోడు

ఆ చలికాలం మిస్సోరీ నది గడ్డకట్టలేదు. ఒడ్డున పలచగా మంచు పెచ్చు కట్టేది, మధ్యాహ్నానికి కరిగిపోయేది. ఊళ్ళో అమెరికన్లు ఎంత హాయిగా ఉందో అనుకుంటూ కోట్లు విప్పుకుని తిరుగుతుంటే, మా నాన్న రోజూ పొద్దున్నే ఒడ్డుకి వెళ్ళి, కర్రతో ఆ పెచ్చుని పొడిచి చూసి, ముఖం వేలాడేసుకుని వచ్చేవాడు. మేం కాచే బీరు చల్లగా పులియాలి, చల్లగా నిలవుండాలి. నదిలో ఐసు గడ్డలు కోసి, రంపపు పొట్టు కప్పి, గుట్ట కింద తవ్వించిన మాళిగ నిండా పేర్చుకుంటేనే మాకు వేసవి గడిచేది. ఆ ఏడు మాళిగ సగం కూడా నిండలేదు.

ఉత్తరాది వాళ్ళూ దక్షిణాది వాళ్ళూ కొట్టుకున్న యుద్ధం ముగిసి అప్పటికి తొమ్మిదేళ్ళు. బ్రూనర్స్ లాండింగ్‌లో రూపెన్‌తాల్ వాళ్ళంటే తెలియనివాళ్ళు లేరు. వీధివైపు మా అమ్మ క్రెసెన్స్ రొట్టెల కొట్టు, వెనక మా నాన్న లోరెంట్స్ బీరు బట్టీ, పక్కన చెస్ట్‌నట్ చెట్ల కింద బల్లలు వేసిన తోట. ఆదివారం చర్చి అయ్యాక ఊళ్ళో జర్మన్లందరూ పిల్లాపాపలతో ఆ తోటలోనే ఉండేవాళ్ళు. ఇంగ్లీషు చర్చివాళ్ళు కంచె అవతల నడిచిపోతూ మమ్మల్ని చూసి తలలు తిప్పుకునేవాళ్ళు. వాళ్ళలోనే కొందరు మసకపడ్డాక వెనక గుమ్మం దగ్గరకొచ్చి కూజా నింపించుకుని పోయేవాళ్ళు.

మా అక్క ఒట్టీలియా నాకన్నా ఆరేళ్ళు పెద్దది. నాన్న దగ్గర మేస్త్రీగా ఉన్న బుర్కార్ట్‌ని చేసుకుంది. పెళ్ళయిన మరుసటేడే బావ వాగు అవతల సొంత బట్టీ పెట్టాడు. నాన్న కోపం తెచ్చుకోలేదు సరికదా, వాళ్ళ మొదటి కాపుకి తోడు తనే జాడీలో మోసుకెళ్ళి ఇచ్చాడు.

బీరు పులియడానికి వేసే ఈస్టుని మేం తోడు అంటాం. ఒక కాపు, అంటే ఒకసారి కాచిన బీరు, పులిశాక అడుగున పేరుకున్నదాన్ని తీసి తరవాతి కాపులో పోస్తాం. మా తోడు బవేరియా నుంచి నాన్నతో పాటు ఓడెక్కి వచ్చింది. ఆ ఓడలో మనుషులకి తాగే నీళ్ళు కరువైన రోజుల్లో కూడా దాని జాడీకి తడిగుడ్డ తప్పలేదని అమ్మ అప్పటికీ దెప్పుతూ ఉండేది. ఇందులో మా వాళ్ళకి కొన్ని పట్టింపులున్నాయి. తోడు అడిగినవాడు పగవాడైనా సరే, లేదనకూడదు. పైసా పుచ్చుకోకూడదు. తీసుకున్నవాడు దాన్ని పరీక్ష చెయ్యకూడదు, మూత తీసి నేరుగా తొట్టిలో పోసెయ్యాలి. ఇచ్చినవాడి ఎదుటే కాదు, వెనకైనా సరే, పరీక్ష చేస్తే వాణ్ణి దొంగ అన్నట్టే లెక్క. లేదు పొమ్మన్నవాడి గుమ్మం మళ్ళీ ఎవరూ తొక్కరు.

ఏప్రిల్లో పాటల సంఘం పెద్ద సిన్‌హూబర్ గారు మా తోటకి వచ్చాడు. ఆయనది మందుల షాపు. మనిషి గుమ్మటంలా ఉంటాడు, గొంతు మాత్రం సన్నం.

"ఆగస్టు ఆఖర్లో నది పొడుగునా ఉన్న సంఘాలన్నీ మన ఊరికే వస్తున్నాయి, లోరెంట్స్. మూడు రోజుల పాటల పండగ. గొంతులు తడపాల్సింది నువ్వే."

"ఐసు లేదండీ," అన్నాడు నాన్న.

"ఐసెందుకు? మీ ఆవిడ ఒక్క చూపు చూస్తే చాలదూ, పీపాలన్నీ చల్లబడిపోవడానికి!"

కొట్లోంచి అమ్మ గొంతు వినబడింది. "నాకు చెవులు బాగానే పనిచేస్తున్నాయి సిన్‌హూబర్ గారూ. మీ గొంతు తడిపినా తడపకపోయినా పాట ఒక్కలాగే ఏడుస్తుంది కదా, దానికి బీరెందుకు దండగ?"

తోటలో అందరూ బల్లలు చరిచి నవ్వారు. పండగ బీరు కాచే పని తనకిమ్మని బావ కూడా అడిగాడట. ఊళ్ళో మొదట వచ్చిన బట్టీకే మర్యాద దక్కాలని సంఘం తేల్చింది. బావ ఆ రోజు వచ్చి నాన్న చెయ్యి పట్టుకుని ఊపి, "నాకన్నా మీకు దక్కడమే న్యాయం మావయ్యగారూ," అన్నాడు. ఎంత మంచివాడో అనుకున్నాను.

ఆ సాయంత్రం నాన్న నన్ను రాగి కాగు దగ్గరికి పిలిచాడు. బావ వెళ్ళిపోయినప్పటి నుంచి మేస్త్రీ పనంతా నేనే చేస్తున్నాను. బార్లీ మొలకెత్తించడం, పారతో తిరగెయ్యడం, కాగు కింద మంట చూసుకోవడం, మాళిగలో తొట్లు తోమడం. చేతులు మగాడి చేతుల్లా అయిపోయాయని అమ్మ గొణిగేది. నాకు మాత్రం ఆ చేతులంటే గర్వంగా ఉండేది.

"ఈ పండగ బీరు నువ్వే కాచు లోనీ," అన్నాడు నాన్న. "నేను పక్కన స్టూలేసుకుని కూచుంటా. నోరు విప్పను. బాగా కుదిరిందా, బట్టీ నీదే."

"నాదా?"

"ఇంకెవరిది? ఆడపిల్ల మేస్త్రీ ఏవిటని ఎవడైనా వాగితే, ముందు తాగి మాట్లాడమను."

ఆ రాత్రి నాకు నిద్ర పట్టిందో లేదో గుర్తులేదు. పొద్దున లేచేసరికి మాత్రం ఆ బట్టీలో ప్రతి ఇటుకా నాకు చుట్టంలా కనబడింది.

జూన్ వచ్చేసరికి ఎండలు దంచేశాయి. మాళిగలో ఐసు మోకాలెత్తుకి దిగిపోయింది. గోడలు చెమ్మబట్టి, తొట్ల మీద తేమ జారేది. ఒక పొద్దున నేనూ నాన్నా దీపం పట్టుకుని దిగితే, పులుస్తున్న తొట్టి మీద తెల్లటి నురగ ఉండాల్సిన చోట గోధుమరంగు తెట్టు కట్టి ఉంది. నాన్న వేలు ముంచి నాలిక మీద పెట్టుకుని వెంటనే ఉమ్మేశాడు.

"ఏవైంది నాన్నా?"

"పోయింది."

"అంతానా? అడుగున కొంచెవైనా..."

"తోడులో కొంచెం పోవడం, కొంచెం మిగలడం ఉండదు తల్లీ. పోతే పోయినట్టే."

ఆయన మెట్ల మీద కూలబడ్డాడు. పాతికేళ్ళు ప్రాణంలా కాపాడుకున్నది. పులియబెట్టిన రై ధాన్యం పిండితో అమ్మ రొట్టె ఎలాగోలా లాక్కొస్తుంది కానీ ఆ పులుపుతో బీరవదు. వేరే బట్టీ ఉన్న ఊరు నది దిగువన చాలా దూరం, ఈ ఎండలో అక్కణ్ణుంచి తెస్తే తోడు దారిలోనే చస్తుంది. అంతలో నాన్నే తలెత్తాడు, ముఖం తేటపడింది.

"అక్కడ ఉందిగా! ఒట్టీలియా దగ్గరున్నది మనదే కదే. నేను కాగు ఎక్కిస్తాను. నువ్వు జాడీ తీసుకుని పరిగెత్తు. ఉన్న ఐసు ఒక్క కాపుకి సరిపోతుంది. ఒక్క కాపు చాలు మనకి."

కూతురి ఇంట్లో దాచుకున్న సొమ్ము గుర్తొచ్చినట్టు మాట్లాడాడు. నేను జాడీ చంకనెట్టుకుని వాగు దాటాను.

బావ వాకిట్లో కూచుని పీపాకి ఇనపకట్టు బిగిస్తున్నాడు. "ఏం మరదలా, దారి తప్పావా? లేక మా ఇంటి సాసేజి వాసన అక్కడిదాకా కొట్టిందా?"

"తోడుకొచ్చాను బావా."

సుత్తి ఆగింది. "మావయ్యగారి తోడుకేవైంది?"

"పాడైపోయింది."

"అయ్యయ్యో," అన్నాడు. అనాల్సిన చోట, అనాల్సినంతసేపే అన్నాడు. "మీ అక్కనడుగు. ఈ ఇంట్లో ఇచ్చిపుచ్చుకోడాలన్నీ ఆవిడవే." అని గుమ్మంలో నిలబడ్డ అక్క వైపు చూశాడు.

అక్క నిండు గర్భిణి. నడుమ్మీద చెయ్యేసుకుని వచ్చి నన్ను కూచోబెట్టి చల్లటి మజ్జిగ ఇచ్చింది. నా జుట్టు సరిచేసింది. "ఎంత నల్లబడిపోయావే! ఆడపిల్ల పుడితే నీ పేరే పెడతాను. జ్ఞానస్నానం రోజు బిడ్డని నువ్వే ఎత్తుకోవాలి, వేరే ఎవరికీ ఇవ్వను," అంది. నేను పొంగిపోయాను. జాడీ తీసుకుని లేచింది.

"నేనొస్తా అక్కా, మెట్లు దిగొద్దు నువ్వు."

"కూచో. మజ్జిగ తాగు. వంటింట్లోంచి దారి దగ్గరే."

చాలాసేపటికి వచ్చింది. జాడీ మూతకి దారం బిగించి కట్టింది. చుట్టూ తడిగుడ్డ, గుడ్డ మడతల్లో ఐసు ముక్కలు. ఆ కరువులో తన ఐసు నాకిచ్చింది చూడు అనుకున్నాను.

"నేరుగా ఇంటికి పో. ఎక్కడా ఆగకు," అని నన్ను కావలించుకుంది. మధ్యలో ఆవిడ కడుపు, నా జాడీ అడ్డమొచ్చి అది సరిగ్గా కుదరలేదు. ఇద్దరం నవ్వాం.

వాగు దగ్గర ఒక్కసారి ఆగాను. గుడ్డ ఆరిపోతుంటే నీళ్ళలో తడిపాను, అంతే. సిన్‌హూబర్ గారు గుర్రబ్బండి మీద వంతెన దాటుతూ, "ఏం అమ్మాయ్, నీడలో కూచున్నావా?" అని కేకేసి పోయాడు. నేను చెయ్యి ఊపాను.

ఇంటికొచ్చేసరికి నాన్న బార్లీ రసం కాచి, చేదుకి హాప్స్ పువ్వులేసి మరిగించి, చల్లార్చే పళ్ళెంలోకి ఎత్తాడు. చివరి ఐసంతా పెట్టి దాన్ని చల్లబరిచి మాళిగలో తొట్టిలోకి దించాం. నా బీరు. దాని తియ్యటి వాసన మాళిగంతా పట్టింది.

నాన్న జాడీ అందుకుని నాకు వీపు తిప్పి దారం విప్పుతున్నాడు. అంతలో అమ్మ చెంచా, పిండి గిన్నె పట్టుకుని మెట్లు దిగింది.

"ఏవండీ, ఒక్క చెంచా ఇలా ఇవ్వండి. పిండిలో కలిపి పొయ్యి పక్కన పెడతాను. సాయంత్రానికి పొంగితే సరే."

నాన్న మూత తీశాడు. కాసేపు అలాగే నిలబడ్డాడు.

"కూతురిచ్చినదాన్ని పరీక్ష చెయ్యమంటావా క్రెసెన్స్?"

"కూతురైతే ఏవిటి? నేను నా చేత్తో చేసినదాన్నే పరీక్ష చేస్తాను. ఒకే ఒక్క కాపు మిగిలింది మనకి."

"వద్దన్నాను!"

ఆయన అమ్మ మీద అలా అరవడం నేను చూడలేదు. అమ్మ గిన్నె పట్టుకుని నిలబడిపోయింది. నాన్న జాడీ వంచి అడుగంటా తొట్టిలో పోసేశాడు. తరవాత ఆ జాడీని తనే కడిగి బోర్లించాడు. నాన్న మర్యాద తెలిసినవాడనీ, రొట్టెలవాళ్ళకి బీరువాళ్ళ పట్టింపులు తెలియవనీ అనుకుని, అమ్మ వైపు కాస్త చిన్నచూపుగా కూడా చూశాను.

మంచి తోడు పడితే మర్నాటికల్లా తొట్టి అంచుల్లో తెల్లటి మీగడలాంటి పొర లేస్తుంది. లేవలేదు. ఆ మర్నాడు కూడా లేవలేదు. నేను గంటగంటకీ దిగి దీపం పట్టి చూశాను. చెవి ఆనించి విన్నాను. ఏ చప్పుడూ లేదు. "చూద్దాం, చూద్దాం," అనేవాడు నాన్న, కానీ తను మాత్రం దిగి చూసేవాడు కాదు. వారం తిరక్కుండానే పాచిపోయిన గంజి వాసన మెట్ల మీదికి వచ్చేసింది. ఇద్దరం కలిసి తొట్టి వాగులోకి ఒంపేశాం. నేను ఏడుస్తుంటే నాన్న నా వీపు నిమిరాడు.

కబురు తెలిసి సిన్‌హూబర్ గారు పరిగెత్తుకొచ్చాడు. వెనకే బావ, తోటలో ఇంకో పదిమంది.

"ఎలా జరిగింది లోరెంట్స్? మీ అమ్మాయి ఇచ్చిందిగా తోడు?"

నాన్న చేతులు తుడుచుకుంటూ ఉన్నాడు. తుడుచుకోవడం చాలాసేపు పట్టింది.

"ఎండ," అన్నాడు.

అంతే అన్నాడు. ఊరికి ఆ మాట చాలు. "అవునవును, ఆ రోజు పిల్లని వాగు దగ్గర నీడలో చూశాను నేను," అన్నాడు సిన్‌హూబర్ గారు. "చిన్నపిల్ల, దానికేం తెలుసు పాపం," అన్నాడు బావ. నేను నాన్న వైపు చూశాను. ఆయన తన చేతుల వైపు చూసుకుంటున్నాడు. లోనీ తప్పు అనకుండా ఎండ తప్పు అన్నాడు కదా, నన్ను కాపాడుతున్నాడు అనుకున్నాను. ఆ మాటకి ఆ రోజు ఆయన మీద ప్రేమ ఇంకా పెరిగింది.

పండగ బీరు బావకి వెళ్ళిపోయింది. వింతేమిటంటే ఆయన మాళిగలో ఊరికీ పండక్కీ సరిపడా పీపాలు ముందే సిద్ధంగా ఉన్నాయి.

ఆగస్టు మొదట్లో అక్కకి ఆడపిల్ల పుట్టింది. పేరు నాది పెట్టలేదు. జ్ఞానస్నానం రోజు బిడ్డని బావ చెల్లెలు ఎత్తుకుంది. అక్క చర్చిలో నా వైపు ఒక్కసారి కూడా చూడలేదు. తన తోడు చంపుకొచ్చినదానికి బిడ్డనెలా ఇస్తుందిలే అని సమాధానపడ్డాను. నా చేతులంటే నాకే అసహ్యం వేసింది.

పాటల పండగకి ఊరంతా జెండాలు, ఆకుల దండలు. నేను అమ్మతో కలిసి ఉప్పు రొట్టెలు అమ్ముతున్నాను. నది దిగువ ఊళ్ళ నుంచి వచ్చిన పాటగాళ్ళు కూడా నా కథ వినేశారు. ఒకడు బల్ల మీద నుంచి మగ్గు చాపి, "అమ్మాయ్, కాస్త ఇది పట్టుకో," అన్నాడు. నేను చెయ్యి చాపగానే వెనక్కి లాక్కుని, "అమ్మో వద్దులే, నీ చేతికిస్తే చచ్చి ఊరుకుంటుంది!" అన్నాడు. బల్ల బల్లంతా విరగబడి నవ్వింది.

ఆ బల్ల చివర నాన్న ఉన్నాడు. బావ బీరు మగ్గుని వెలుతురుకి పెట్టి చూసి, గుక్క తాగి, "బాగుంది," అన్నాడు. వాళ్ళతో కలిసి నవ్వలేదు. ఆపమని కూడా అనలేదు.

అమ్మ నా చేతిలో బుట్ట లాక్కుంది. "పో, కాసేపు ఎక్కడికైనా పోయి రా," అంది. నేను తిన్నగా అక్క ఇంటికి వెళ్ళాను. బాలింత కదా, ఒక్కతే ఉంది. కిటికీలోంచి పాటలు వినబడుతున్నాయి. ఉయ్యాల ఊపుతోంది.

"అక్కా, నీ కాళ్ళు పట్టుకుంటాను. నువ్వు అంత జాగ్రత్తగా ఐసు పెట్టి మరీ ఇస్తే నేను చంపేశాను. నా మీద కోపం పెట్టుకోకు."

"ఊరుకో లోనీ."

"గుడ్డ తడపడానికే ఆగాను, ఒట్టు. నీడలో ఊరికే కూచోలేదు..."

"ఊరుకోమన్నానా!" ఉయ్యాల ఆపింది. "అది నీ చేతిలో చావలేదు. నా చేతిలో చచ్చింది. కెటిల్‌లో మరిగిన నీళ్ళు పోశాను."

కూర ఎలా వండాలో చెప్పినట్టు చెప్పింది. నాకు అర్థం కావడానికి కాస్త టైము పట్టింది.

"నీళ్ళెందుకు పోశావు?"

"లేదు పొమ్మంటే ఈ ఊళ్ళో మా మొహాన ఉమ్మేస్తారు. ఇస్తే పండగ మీదైపోతుంది. ఇచ్చినట్టూ ఉండాలి, పనికీ రాకూడదు."

"బావ చెప్పాడా?"

"ఏం చెప్పలేదు. సుత్తి దించి నా వైపు చూశాడు. నువ్వూ చూశావుగా."

"నేను నీ చెల్లెల్ని కదే!"

"నేను మాత్రం ఆయన కూతుర్ని కానా?" అక్క గొంతు ఒక్కసారి లేచింది, పిల్ల ఉలిక్కిపడింది. "నువ్వు గౌను వేసుకోవడం రాని రోజుల నుంచి ఆ కాగు కింద కట్టెలు తోశాను నేను. బట్టీ నీదే ఒట్టీలియా అని ఒక్కనాడన్నాడా? ఒక జాడీ తోడిచ్చాడు. అదీ నా మొగుడి చేతికిచ్చాడు." పిల్లని ఎత్తుకుని భుజాన వేసుకుంది. కళ్ళు తుడుచుకుంది. "అమ్మ పిండిలో వేసి చూస్తుందనుకున్నాను లోనీ. సాయంత్రానికి మీరంతా నా మీదికి వస్తారు, నేను ఏడ్చి, మంచిది తీసిచ్చేస్తాను అనుకున్నాను. గుమ్మంలోనే కూచున్నాను ఆ సాయంత్రమంతా. ఎవరూ రాలేదు."

ఆ పిల్ల అక్క భుజం మీంచి నన్నే చూస్తోంది.

తోటకి తిరిగొచ్చేసరికి జనం ఊరేగింపు వెనకాల వెళ్ళిపోయారు. నాన్న ఒక్కడే ఖాళీ బెంచీలు గోడవారకి చేరుస్తున్నాడు. పరిగెత్తుకు వెళ్ళాను. నా లోపల ఎక్కడో సంతోషంగా కూడా ఉంది, సిగ్గు విడిచి చెప్తున్నాను. నేను చెయ్యలేదని నాన్నకి తెలియబోతోంది.

"నాన్నా, ఎండ కాదు. అక్క తోడుని ఉడకబెట్టి ఇచ్చింది. తనే చెప్పింది నాకు."

నాన్న బెంచీ కింద పెట్టాడు.

"తెలుసు," అన్నాడు.

"ఎవరు చెప్పారు? అక్కేనా?"

"ఎవరు చెప్పాలి? మూత తియ్యగానే తెలిసింది. ఎముకల చారు వాసన కొట్టింది. చచ్చిన తోడుని గుర్తుపట్టలేనా నేను?"

"తెలిసే పోశావా? నా బీరులో?"

"మీ అమ్మ చెంచా పట్టుకుని నెత్తిమీద నిలబడింది. దానికి తెలిస్తే ఊరుకుంటుందా? సాయంత్రానికి ఊరంతా పాకేది. ఒట్టీలియా నిండు చూలాలు. చచ్చిన తోడిచ్చిందంటే ఈ ఊళ్ళో దానికి చిటికెడు ఉప్పు కూడా అప్పివ్వరు. దాని పిల్లకి కూడా ఆ పేరే మిగిలేది."

"మరి నాకు? ఎండ అన్నావు కదా నువ్వు. ఎండ అంటే నేనని అందరూ..."

"నాలుగు రోజులు అనుకుంటారు, మర్చిపోతారు."

"ఇవాళ కూడా అన్నారు నాన్నా. నువ్వు అక్కడే కూచుని ఉన్నావు."

ఆయన ఆపేక్షగా, నిజంగా ఆపేక్షగానే, నా చెంప మీద చెయ్యేశాడు. "నువ్వు గట్టిదానివి లోనీ. మీ అక్కని బయటపెడితే అది నాకు దక్కకుండా పోయేది. నువ్వెక్కడికి పోతావు? ఇక్కడే ఉంటావుగా."

వచ్చే నెల కాగునీ తొట్లనీ బావ తీసుకెళ్తాడనీ, తనని సలహాలకి రోజూ రమ్మన్నాడనీ చెప్పాడు. నా గురించి అడిగితే, అమ్మ కొట్లో పనికేం తక్కువన్నాడు. అప్పటిదాకా అక్క మీద మండిన కడుపు అక్కడ చల్లారిపోయింది. అక్క నా బీరుని చంపింది, అంతే. నన్ను అమ్మేసింది మా నాన్న. నా మీద ఉన్న నమ్మకం కొద్దీ అమ్మేశాడు.

"ఆ కొస పట్టుకో," అన్నాడు బెంచీ చూపించి. పట్టుకున్నాను. అన్నీ గోడవారకి చేర్చాం.

మర్నాడు పాటగాళ్ళు తిరిగి వెళ్ళే స్టీమరెక్కాను. రేవు దగ్గరికి అమ్మ రొట్టె మూట పట్టుకుని వచ్చింది. "ఎక్కడికని అడగను. ఎందుకో మాత్రం చెప్పి పో," అంది. అంతా చెప్పాను. కెటిల్ సంగతి చెప్పాను, నాన్నకి మూత తియ్యగానే తెలిసిందని చెప్పాను. అమ్మ పెదాలు తెల్లబడిపోయాయి. మూట నా చేతిలో పెట్టి వేళ్ళు ముడిచి గట్టిగా నొక్కింది.

"నువ్వు వెళ్ళు. ఇక్కడ సంగతి నేను చూసుకుంటాను," అంది.

ఆ మాట పట్టుకునే నేను సెయింట్ లూయిస్ నగరంలో నిలదొక్కుకున్నాను. ఒక రొట్టెల కొట్లో పనికి కుదిరాను, తరవాత ఆ కొట్టే నడిపాను. క్రిస్మస్‌కి అమ్మ కేకులు పంపేది, అక్క పిల్లల కబుర్లు రాసేది. నేను తిరిగి రాసేదాన్ని. ఆ సంగతి ఆవిడ ఎత్తేది కాదు, నేనూ అడిగేదాన్ని కాదు. అడగడమంటే అమ్మని నమ్మకపోవడమే కదా.

కొన్నేళ్ళ తరవాత ఒక ముసలాయన కొట్టుకొచ్చాడు. నా మాట యాస విని, "ఏ ఊరమ్మా మీది?" అన్నాడు. చెప్పాను. ఆయన ముఖం విప్పారింది. మొన్న వేసవిలోనే మా ఊరి తోటలో కూచుని వచ్చాడట. బావ బీరు బ్రహ్మాండమన్నాడు. మా అమ్మ రొట్టె అంతకన్నా బ్రహ్మాండమన్నాడు.

"ఆ రొట్టెలావిడ చిన్నకూతురి కథ చెప్పుకుని నవ్వారు లెండి ఆ పూటంతా," అన్నాడు. "తోడు తెమ్మని పంపిస్తే ఎండలో కూచుని నిద్రపోయిందట! కన్నతల్లి అక్కడే మగ్గులు అందిస్తోంది. నిజమేనామ్మా అని నేనే అడిగాను."

"ఏమంది?"

"ఏమంటుంది, తల్లి కదా. చిన్నపిల్ల, దానికేం తెలుసు పాపం, అంది."